వేళ్లలో తిమ్మిర్లు: ఇంజెక్షన్ కంటే ముందు ఏ వేళ్లో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మగారికి 46 ఏళ్లు. నరసాపురం దగ్గర పల్లెలో ఉంటారు, పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లుతున్నారు. నాలుగు నెలలుగా రెండు చేతుల వేళ్లకీ తిమ్మిర్లు, కుడిచేతికి కాస్త ఎక్కువ. రాత్రి రెండు మూడు గంటలప్పుడు లేచి కూర్చుని చేతులు విదిలించుకుంటున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నరాల వీక్‌నెస్ అని ఇంజెక్షన్లు చేశారు. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. పక్షవాతానికి ముందు ఇలాగే మొదలవుతుందని పక్కింటివాళ్లు భయపెట్టారు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, అక్కడికి తీసుకొచ్చి ఎమ్మారై తీయించాలా అని టెన్షన్ పడుతున్నారు.

నేను ఈ గోదావరి డెల్టాలోనే జనరల్ ఫిజీషియన్‌ని. మీ అమ్మగారిలాంటివాళ్లు నా దగ్గరికి ప్రతి వారం వస్తుంటారు. కాబట్టి పక్షవాతం భయం ముందే తీసేస్తానమ్మా. పక్షవాతం ఉన్నట్టుండి వస్తుంది, ఎక్కువగా ఒకవైపే వస్తుంది. నెలల తరబడి రెండు చేతులకీ, అదీ రాత్రి నిద్రలో వచ్చి, విదిలిస్తే తగ్గే తిమ్మిరి దాని లక్షణం కాదు. నిజంగా కంగారు పడాల్సిన తిమ్మిర్లు వేరే ఉన్నాయి, వాటి గురించి తర్వాత రాస్తాను.

మీ ప్రశ్నలో అన్నీ ఉన్నాయి గానీ నాకు అన్నిటికంటే ముఖ్యమైనది లేదు. ఏ వేళ్లు?

ఈ మాట అడిగితే దాదాపు అందరూ "అన్ని వేళ్లూనండి" అంటారు. అప్పుడు బాల్‌పెన్ చేతికిచ్చి, తిమ్మిరి ఉన్నంత మేరా అరచేతి మీద గీతలు గీయమంటాను. బొటనవేలు గీస్తారు, చూపుడువేలు, మధ్యవేలు గీస్తారు, ఉంగరపు వేలు దగ్గరికొచ్చేసరికి ఆగుతారు. దూది పోగు తీసుకుని చిటికెన వేలికీ, చూపుడువేలికీ మార్చి మార్చి తాకిస్తే అప్పుడు తేడా తెలుస్తుంది. "దీనికి లేదండి, ఇది బాగానే ఉంది" అని చిటికెన వేలు చూపిస్తారు. ఆ ఒక్క మాటతో సగం జబ్బు తెలిసిపోయినట్టే. చేతికి మూడు నరాలు వస్తాయి, ఒక్కో నరానికీ తన వాటా వేళ్లు ఉంటాయి. తిమ్మిరి ఏ హద్దులో ఆగిందో చూస్తే ఏ నరం నలుగుతోందో చెప్పవచ్చు. ఈ పనికి ఖర్చేమీ లేదు, పది నిమిషాల ఓపిక చాలు. అది చెయ్యకుండా నేరుగా ఇంజెక్షన్‌కో స్కానింగ్‌కో వెళ్లిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ అమ్మగారి చేత ఈ రాత్రే వీడియో కాల్‌లో గీయించి చూడండి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం, ఇంతవరకే తిమ్మిరి ఉండి చిటికెన వేలు బాగుంటే అది మీడియన్ నరం. ఆ నరం నలిగేది ఎక్కువగా మణికట్టు దగ్గర. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మీరు రాసిన లక్షణాలు, అంటే రాత్రి నిద్ర లేపడం, విదిలిస్తే ఉపశమనం, పనిచేసే చేతికి ఎక్కువగా ఉండటం, అన్నీ దానివైపే చూపిస్తున్నాయి.

మణికట్టులో అరచేతి వైపు ఒక ఇరుకైన దారి ఉంటుంది. కింద ఎముకలు, పైన గట్టి పొర. ఆ దారిలోంచి వేళ్లని ముడిచే స్నాయువులు (కండని ఎముకకి కలిపే తాళ్లు) తొమ్మిది, వాటితో పాటు ఈ నరం ఒక్కటీ అరచేతిలోకి వెళతాయి. కాలువ గట్టు కింద తూములో పూడిక పేరుకుంటే నీళ్లకి దారి ఎలా ఇరుకవుతుందో, స్నాయువుల చుట్టూ ఉండే పొర వాచినప్పుడు నరానికి అలా చోటు చాలదు. మణికట్టు వంచితే ఇంకా ఇరుకు. నిద్రలో మనకి తెలియకుండానే చెయ్యి ముడుచుకుని, మణికట్టు వంచుకుని పడుకుంటాం. అందుకే అర్ధరాత్రి లేపుతుంది. "రక్తం ఆడటం లేదు" అని అందరూ అంటారు గానీ ఇక్కడ ఇబ్బంది రక్తానిది కాదు, నరానిది. రక్తం తగ్గితే వేళ్లు తెల్లబడతాయి, చల్లగా అవుతాయి.

లేసు అల్లే చేతుల్ని దగ్గరగా చూడండి. ఎడమ చూపుడువేలి మీదుగా దారం బిగువుగా ఉంటుంది. కుడిచేత్తో సన్నటి స్టీలు సూదిని మూడు వేళ్లతో నొక్కి పట్టుకుని, మణికట్టు లోపలికి వంచి, దారం లాగడం, తిప్పడం, మళ్లీ లాగడం. అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా అదే భంగిమ. 19వ శతాబ్దంలో మిషనరీలతో ఇక్కడికొచ్చిన పని ఇది. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ గుర్తింపుకి నేనూ సంతోషించాను. ఆ లేసు అల్లిన చేతుల గురించి కూడా అంతే పట్టింపు ఉండాలని నా కోరిక.

ఒక్క లేసే కాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో ఐసు మధ్య నిలబడి గంటల తరబడి తలలు తీసి, పొట్టు ఒలిచేవాళ్లకి చలి, చేతిపని రెండూ కలిసి ఇదే వస్తుంది. కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లు, కొబ్బరికాయలు ఒలిచేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, బ్రష్ కట్టర్‌తో గట్ల మీద గడ్డి కోసేవాళ్లు కూడా ఇవే తిమ్మిర్లతో వస్తారు. బ్రష్ కట్టర్, పవర్ టిల్లర్ లాంటివాటి అదురు కూడా నరానికి మంచిది కాదు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది ఎక్కువ, ముఖ్యంగా నలభై దాటాక. గర్భిణులకి చివరి నెలల్లో ఒంట్లో నీరు చేరి వస్తుంది, కాన్పు తర్వాత చాలామందికి దానంతటదే పోతుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, చికున్‌గున్యా తర్వాత మణికట్టు వాపు మిగిలిపోయినా వస్తుంది. అందుకే లేసు అల్లుతారు కదా, కారణం అదేనని వదిలేయకుండా రక్తపరీక్షలు కూడా చేయిస్తాం.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రెండు చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేల వైపు ఉండేలా మణికట్లు వంచి ఒక్క నిమిషం ఉంచమనండి. ఆ నిమిషంలోపు అవే వేళ్లలో తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడుతుంది. రాకపోతే జబ్బు లేదని కాదు. దీనికంటే నేను ఎక్కువ నమ్మేది రాత్రి లేచి చెయ్యి విదిలించడాన్నే.

తర్వాత బొటనవేలి మొదట్లో, అరచేతిలో ఉబ్బెత్తుగా ఉండే కండ చూడండి. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా చూడాలి. ఒకవైపు ఆ కండ పల్లంగా కనిపిస్తే, లేదా నేల మీద పడ్డ రూపాయి బిళ్ల తీయడానికి, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఇబ్బంది పడుతుంటే, నరం చాలాకాలంగా నలిగి కండ తగ్గుతోందని అర్థం. అప్పుడు ఇంట్లో ప్రయత్నాలు చేస్తూ కూర్చోకూడదు. పోయిన కండ పూర్తిగా తిరిగి రావడం కష్టం.

కండ బాగుంటే మొదటి వైద్యం మందు కాదు, పట్టీ. మందుల షాపులో రిస్ట్ స్ప్లింట్ అని అడగండి. లోపల అల్యూమినియం రేకు ఉన్నది తీసుకోవాలి, ఉత్త ఎలాస్టిక్ పట్టీ కాదు. కొన్నింట్లో ఆ రేకు పైకి వంగి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, మణికట్టు తిన్నగా ఉండేలా సరిచేసి మళ్లీ పెట్టుకోవాలి. ఈ చిన్న పని ఎవరూ చెప్పరు, వంకర పట్టీతో నెల రోజులు పడుకుని ఉపయోగం లేదని పారేస్తారు. రాత్రిపూట క్రమం తప్పకుండా కనీసం ఆరు వారాలు పెట్టుకోవాలి. రెండు మూడు రోజులు పెట్టి తగ్గలేదని తీసేస్తే లాభం లేదు. పగలు పనిలో పెట్టుకోవాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

పని మానేయమని నేను చెప్పను. ఎన్ని ముక్కలు అల్లితే అంత కూలి వచ్చేచోట, ఏజెంటు ఫలానా తారీఖుకి సరుకు కావాలన్నప్పుడు, "విశ్రాంతి తీసుకోండి" అన్న మాట ఎవరికీ అక్కరకి రాదు. సూది పిడి మీద మెత్తటి గుడ్డ చుట్టి లావు చేసుకుంటే వేళ్లు అంత గట్టిగా నొక్కక్కర్లేదు. అరగంటకోసారి సూది కింద పెట్టి, వేళ్లు పూర్తిగా చాచి, భుజాలు తిప్పి, రెండు నిమిషాలు వేరే పని చూసుకోవాలి. మోచేతుల కింద దిండు పెట్టుకుంటే మణికట్టు అంతగా వంచాల్సిన పని ఉండదు, మెడ కూడా కాస్త లేస్తుంది.

ఇన్ని చేసినా తగ్గకపోతే మణికట్టు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి ఇస్తారు, చాలామందికి కొన్ని నెలలు హాయిగా ఉంటుంది. స్టెరాయిడ్ అనగానే భయపడకండి, ఒకచోట ఇచ్చే చిన్న మోతాదు వేరు, రోజూ మింగే బిళ్లలు వేరు. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు కాబట్టి డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పండి, కొన్ని రోజులు షుగర్ పెరగవచ్చు. మొండిగా ఉన్నా, కండ తగ్గుతున్నా చిన్న ఆపరేషన్ ఉంది. చేతికి మాత్రమే మత్తిచ్చి ఆ పై పొరని కోసి నరానికి చోటిస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఆపరేషన్ అంటే చెయ్యి పడిపోతుందని మన ఊళ్లలో ఒక భయం ఉంది. నేను చూసినంతవరకు చేతుల్ని దెబ్బతీసింది ఆపరేషన్ కాదు, ఆలస్యం.

గీసిన బొమ్మలో తిమ్మిరి చిటికెన వేలు, ఉంగరపు వేలిలో దాని వైపు సగం ఉంటే కథ వేరు. అది అల్నార్ నరం, మోచేతి వెనుక గాడిలోంచి వస్తుంది. మోచెయ్యి దేనికైనా తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది అదే. మోచెయ్యి మడిచి గంటల తరబడి ఫోన్ చూడటం, కుర్చీ చేతి మీద మోచెయ్యి మోపి కూర్చోవడం, తలకింద చెయ్యి మడిచి పడుకోవడం దీనికి మామూలు కారణాలు. ఆ అలవాటు మార్చుకుని, రాత్రి మోచేతికి వదులుగా తువ్వాలు చుట్టి అది పూర్తిగా మడత పడకుండా చూసుకుంటే చాలామందికి తగ్గుతుంది.

కానీ ఈ నరం విషయంలో మన ప్రాంతంలో ఇంకొకటి తప్పకుండా చూడాలి. కుష్టు. 2005లో దేశస్థాయిలో నిర్మూలన లక్ష్యం చేరుకున్నామని ప్రకటించారు, అంటే పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని మాత్రమే. జబ్బు పూర్తిగా పోలేదు. ఒంటి మీద ఎక్కడైనా చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దూది తాకితే తెలియకపోతే, మోచేతి దగ్గర నరం తాడులా లావుగా చేతికి తగిలితే, చిటికెన వేలు వంకర తిరుగుతుంటే వెంటనే పీహెచ్‌సీకి వెళ్లండి. మందులు ఉచితం, నెలల తరబడి వాడాలి, పూర్తిగా నయమవుతుంది. వాడటం మొదలుపెడితే త్వరలోనే ఇతరులకి అంటించే గుణం పోతుంది. సిగ్గుపడి దాచుకున్న కేసుల్లోనే వేళ్లు పోవడం చూశాను. ఆశా కార్యకర్త సర్వేకి వచ్చి మచ్చలున్నాయా అని అడిగితే దయచేసి విసుక్కోకండి.

ఇక షుగర్. మీ అమ్మగారిది బోర్డర్ అన్నారు, ఏ పరీక్షలో, ఎంతో రాయలేదు. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే బోర్డర్, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ జబ్బు. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే తిమ్మిర్లు ముందు పాదాల్లో మొదలవుతాయి. కాలివేళ్ల దగ్గర మొదలై, అరికాళ్లు, పిక్కల మీదుగా మోకాళ్ల దాకా ఎగబాకిన తర్వాతే సాధారణంగా చేతివేళ్లకి వస్తుంది. కాబట్టి పాదాలు బాగుండి చేతులకే తిమ్మిరి ఉంటే దాన్ని నేరుగా షుగర్ మీదకి నెట్టకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి మణికట్టు దగ్గర నరం నలగడం ఎక్కువ, అది నిజం. పాదాల్లో కూడా మంటలు, తిమ్మిర్లు ఉన్నాయేమో అడగండి. చెప్పు జారిపోయినా తెలియడం లేదా, గట్టు మీద నడుస్తుంటే ముల్లు దిగినా తెలియడం లేదా అనడిగితే సరైన జవాబు వస్తుంది.

షుగర్‌తో పాటు బీ12 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నరాల వీక్‌నెస్ అని చేసే ఇంజెక్షన్లు ఎక్కువగా బీ12వే. బీ12 తగ్గితే నరాల పైపొర దెబ్బతింటుంది. చేతులు, కాళ్లు రెండిటికీ తిమ్మిర్లు, నాలుక నున్నగా ఎర్రబడి మండటం, నీరసం, మతిమరుపు, చీకట్లో నడిస్తే తూలడం, ఇవన్నీ కలిసి ఉండవచ్చు. ఇది చేపలు, మాంసం, గుడ్లు, పాలల్లో ఉంటుంది, ఆకుకూరల్లో ఉండదు. పూర్తి శాకాహారులకి, వయసు పైబడ్డవాళ్లకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, గ్యాస్ అని రోజూ పరగడుపున ఓమెప్రజోల్, పాంటోప్రజోల్ బిళ్లలు ఏళ్లకేళ్లు మింగేవాళ్లకి తగ్గే అవకాశం ఎక్కువ. కార్తీకమాసంలో నెల రోజులు నీచు మానేస్తే బీ12 పడిపోతుందేమో అని కొందరు అడుగుతారు. అలా కాదు, కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది. లోటు నెమ్మదిగా వస్తుంది, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, రక్తపరీక్ష చేయకుండానే ఇంజెక్షన్లు ఇచ్చేశారు. అవి బీ12వే అయితే, ఇప్పుడు పరీక్ష చేయిస్తే అది ఎక్కువగానే కనిపిస్తుంది. ముందు లోటు ఉందో లేదో ఆ అంకె ఇక చెప్పలేదు. ల్యాబ్‌కి వెళ్లినప్పుడు చివరి ఇంజెక్షన్ ఎప్పుడు చేశారో డాక్టరుకి తప్పకుండా చెప్పండి. నిజంగా బీ12 తక్కువగా ఉన్నవాళ్లకి ఆ ఇంజెక్షన్ గొప్ప మందు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మణికట్టు దగ్గర నలిగే నరానికి ఎన్ని చేసినా చోటు పెరగదు. ఇంకో మాట. నరాల బిళ్లలు, ఇంజెక్షన్లు చాలావాటిలో బీ6 కూడా కలిపి ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బీ6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి. అట్ట వెనుక ఏమేం ఉన్నాయో చదవండి. ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు కలిసిన బిళ్ల అయితే మగతగా ఉంటుంది, తెల్లవారుజామున లేచి పనిచేసేవాళ్లు తూలి పడే ప్రమాదం ఉంది.

రోజూ మందు తాగే మగవాళ్లకి తిమ్మిర్లు వస్తే సారా, బ్రాందీ కూడా కారణమే. మద్యం స్వయంగా నరాల్ని దెబ్బతీస్తుంది, పైగా తిండి తగ్గి విటమిన్లు అందవు. ఇక్కడ కూడా పాదాల్లోనే మొదలవుతుంది. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లకి తిమ్మిర్లు వస్తే మందు ఆపేయకూడదు, డాక్టరుకి చెబితే తగిన మోతాదులో బీ6 ఇస్తారు. కీమోథెరపీ మందుల్లో కొన్నింటికీ ఈ గుణం ఉంది.

రైతు కుటుంబాల వాళ్లు చదువుతారు కాబట్టి పిచికారీ సంగతి రాస్తున్నాను. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పురుగుమందులు గ్లౌజులు లేకుండా కలిపితే, కారే పంపుతో కొడితే, మందు తగిలిన చోట అరగంట నుంచి కొన్ని గంటల్లో చురుకు, మంట, చీమలు పాకినట్టు తిమ్మిరి వస్తుంది. చెమట, ఎండ, వేడినీళ్లు తగిలితే ఎక్కువవుతుంది. చల్లటి నీళ్లు, సబ్బుతో బాగా కడిగి, ఆ బట్టలు విడిచేస్తే సాధారణంగా ఒక రోజులో పోతుంది. అదే పిచికారీ తర్వాత చొంగ కారడం, వాంతులు, విపరీతమైన చెమట, చూపు మసకబారడం ఉంటే అది వేరే రకం విషం, ఆర్గానోఫాస్ఫేట్. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మందు డబ్బా కూడా పట్టుకెళ్లాలి. ఆ విషం నుంచి కోలుకున్న రెండు మూడు వారాల తర్వాత కాళ్లలో తిమ్మిర్లు, బలహీనత వచ్చేవాళ్లు కొందరుంటారు, వాళ్లని మళ్లీ చూపించాలి.

ఇప్పుడు మీ ఎమ్మారై ప్రశ్న. చేతికి వచ్చే నరాలు మెడ నుంచే బయల్దేరతాయి. అక్కడ డిస్క్ ఒత్తితే మెడ నుంచి భుజం, రెక్క మీదుగా నొప్పి దిగుతుంది, మెడ తిప్పితే, పైకెత్తితే ఎక్కువవుతుంది. రాత్రికి పరిమితం కాదు, పగలూ ఉంటుంది. కొందరికి ఆ చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. మీ అమ్మగారికి ఇవేమీ రాయలేదు. నలభై ఐదు దాటిన ఎవరి మెడకి ఎక్స్‌రే తీసినా అరుగుదల ఏదో ఒకటి కనిపించడం మామూలే. రిపోర్టులో "స్పాండిలోసిస్" అని చూసి మెడ పట్టీ వేసుకుని, మణికట్టుని మర్చిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అమ్మగారికి ముందు కావలసింది చేతి నరాల్లో కరెంటు ఎంత వేగంగా వెళుతోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష. చిన్న చిన్న షాకులు తగిలినట్టు ఉంటుంది, సూది అక్కర్లేదు. ఎమ్మారై ఎప్పుడు తొందరగా కావాలంటే, రెండు చేతులూ మొద్దుబారి చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం చేతకాకపోతే, నడక బిగుసుకుని తూలుతుంటే, మూత్రం మీద పట్టు తప్పుతుంటే. అవి వెన్నుపాము నలుగుతున్న గుర్తులు, వారాల తరబడి ఆగకూడదు. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకండి. మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది.

వెంటనే కదలాల్సిన తిమ్మిర్లు ఇవి. ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి, మూతి, కాలు తిమ్మిరెక్కినా, మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసిన తర్వాత. లంక గ్రామాల వాళ్లు, పడవో పంటో దాటి రావాల్సినవాళ్లు ఈ లెక్క ముందే గుర్తుంచుకోవాలి. సీటీ రాత్రీపగలూ ఉండే ఆసుపత్రి మీకు ఏది దగ్గరో ఇప్పుడే కనుక్కుని నంబరు గోడ మీద రాసుకోండి. పసరు, పావురం నెత్తురు అంటూ గంటలు పోగొట్టకండి. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే అదే రోజు చూపించాలి, పెద్దది వచ్చే ముందు అలా వచ్చిపోతుంది. విరేచనాలో జలుబో అయిన కొన్ని రోజులకి కాళ్లలో తిమ్మిర్లు మొదలై, రోజురోజుకీ బలహీనత పైకి పాకుతుంటే అది గులియన్ బారే సిండ్రోమ్ కావచ్చు, ఊపిరి కండరాల దాకా వెళుతుంది. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. ఛాతీలో బరువు, చెమటలతో పాటు ఎడమచెయ్యి లాగితే గుండె సంగతి చూడాలి.

కంగారుతో వేగంగా ఊపిరి పీల్చినప్పుడు కూడా మూతి చుట్టూ, రెండు చేతుల వేళ్లకీ తిమ్మిరి వచ్చి వేళ్లు కొంకర్లు పోతాయి. పరీక్షల ముందు పిల్లల్లో చూస్తాం. నెమ్మదిగా ఊపిరి తీయిస్తే తగ్గుతుంది. మాటిమాటికీ వస్తుంటే కాల్షియం కూడా చూడాలి.

మీ అమ్మగారి విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఈ వారమే స్ప్లింట్ మొదలుపెట్టించండి. హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించండి, ఇవి నరసాపురంలోనో పాలకొల్లులోనో అయిపోతాయి. నరాల ఇంజెక్షన్లు ఆపించి, ఇంతకుముందు ఏం చేశారో ఆ ఖాళీ సీసా ఫొటో తెప్పించుకోండి. నర్వ్ కండక్షన్ పరీక్షకి భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లవచ్చు, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. దీనికోసం హైదరాబాద్ ప్రయాణం అక్కర్లేదు. తిమ్మిరెక్కిన చేతికి వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టొద్దని చెప్పండి, స్పర్శ తగ్గిన వేళ్లకి కాలినా తెలియదు, బొబ్బలతో వచ్చినవాళ్లున్నారు. కొబ్బరినూనెతో మెల్లగా రాసుకుంటే తప్పు లేదు. ఆరు వారాల తర్వాత రాత్రి నిద్ర ఎలా ఉందో ఇక్కడే రాయండి, రక్తపరీక్షల అంకెలు కూడా పెట్టండి. కానీ వీడియో కాల్‌లో బొటనవేలి మొదట్లో కండ పల్లంగా కనిపిస్తే మాత్రం ఆరు వారాలు ఆగకుండా ముందు న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.